‘నేపథ్యం’ అంటే తెర వెనకా, కథ బయటా?

ప్రశ్న (వీడియో ప్రొడక్షన్ విద్యార్థిని):

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో వీడియో ప్రొడక్షన్ కోర్సు చేస్తున్నాను. ఫిల్మ్ థియరీ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే, కానీ ఈ సెమిస్టర్ ప్రాజెక్టు నోట్సు తెలుగులో రాస్తానని పట్టుబట్టాను, సరే కానీ అన్నారు, ఇప్పుడేమో ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. డైజెటిక్ సౌండ్, నాన్ డైజెటిక్ సౌండ్ అని రెండుంటాయి. పాత్రలకు కూడా వినబడేది మొదటిది: తలుపు చప్పుడు, టీ కొట్లో రేడియో, వీధిలో కుక్క మొరగడం. మనకు మాత్రమే వినబడేది రెండోది: హీరోయిన్ ఏడుస్తుంటే ఎక్కడినుంచో వచ్చే వయొలిన్లు. ఈ రెండోదానికి ‘నేపథ్య శబ్దం’ అని రాస్తే మా సార్, “మరి వంటింట్లోంచి అమ్మ పిలిచింది, ఫ్రేములో అమ్మ లేదు, అదీ నేపథ్యమేగా?” అన్నారు. అమ్మ పిలుపు కథలోనిదే, కాకపోతే మనిషి కనబడదు. రెండిటికీ ఒకే మాట వాడితే నోట్సంతా గందరగోళం అవుతుంది. పెద్దవాళ్లు ఏమంటారు?

జవాబు (సంస్కృతం చెప్పే మాస్టారు):

అమ్మాయ్, మీ సార్ అడిగినది చాలా పాత ప్రశ్న. నాట్యశాస్త్రంలో నేపథ్యం అంటే ముందు వేషమే. రంగులు, నగలు, కిరీటాలు, గడ్డాలు, అదంతా. ‘ఆహార్యాభినయో నామ జ్ఞేయో నేపథ్యజో విధిః’ అని భరతుడి మాట. ఆ వేషాలు వేసుకునే గది నేపథ్యగృహం. నాటకశాల 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు అనుకుంటే, సగం ప్రేక్షకులకు పోగా మిగిలిన సగాన్ని మళ్లీ రెండు చేసి, ముందు భాగం రంగానికి, అన్నిటికన్నా వెనక భాగం నేపథ్యగృహానికి కేటాయించారు. అంటే రంగానికి ఎంత చోటో వేషాల గదికీ దాదాపు అంతే చోటు.

ఇక శబ్దం సంగతి. నాటకంలో ‘నేపథ్యే’ అని రాసి ఉంటే లోపలినుంచి గొంతు వినబడుతుందని అర్థం. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు రథం మీద లేడిని తరుముతూ బాణం ఎక్కుపెట్టాడు, అంతలో లోపలినుంచి ‘భో భో రాజన్, ఆశ్రమమృగోఽయం న హన్తవ్యో న హన్తవ్యః’ అని వినబడుతుంది. రాజు రథం ఆపించేస్తాడు. చూశావా, ఆ గొంతు రాజుకు వినబడింది, విని చేస్తున్న పని మానాడు, ఆ తర్వాత ఆ మునులు రంగం మీదికే వస్తారు. అంటే కాళిదాసు నేపథ్యం నువ్వు చెప్పిన మొదటి రకం, నువ్వు రాసిన రెండో రకం కాదు! మన పాత తెలుగు నాటకాల్లో దీన్నే (తెరలో) అని కుండలీకరణాల్లో వేసేవారు.

జవాబు (సౌండ్ ఎడిటింగ్ చేసే సభ్యుడు):

మాస్టారు చెప్పింది బాగుంది గానీ సినిమావాళ్ల నోట్లో ఆ మాట వేరే దారి పట్టింది. మొదట్లో టాకీల్లో నటులే సెట్లో పాడేవాళ్లు, వాయిద్యాలవాళ్లు కెమెరాకు దొరక్కుండా చెట్ల చాటునో సెట్టు గోడల చాటునో కూర్చుని వాయించేవాళ్లు. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్‌వాళ్లు పాటను ముందే రికార్డు చేసి, నటులచేత పెదాలు కదిపించే పద్ధతి తెచ్చాక పాడే మనిషి సెట్టు నుంచే మాయమయ్యాడు. అలా ప్లేబ్యాక్ మనకు ‘నేపథ్య గానం’ అయింది. పాడిన మనిషి నిజంగానే తెర వెనక ఉన్నాడు కాబట్టి ఆ మాట అతికింది. అక్కడినుంచి బ్యాక్‌గ్రౌండ్ స్కోరు కూడా నేపథ్య సంగీతం అయిపోయింది.

నిజం చెప్పాలంటే ఇండస్ట్రీలో ఈ మాట ఎవరూ అనరు. మేం ‘ఆర్ఆర్’ అంటాం, రీరికార్డింగ్‌కు పొట్టి పేరు. “ఆర్ఆర్ అదిరింది” అంటారే గానీ “నేపథ్య సంగీతం అదిరింది” అన్నవాణ్ణి నేను చూడలేదు. పాట షూటింగులో అయితే “నాగ్రా!” అని అరుస్తారు, ఆ పేరుగల స్పూలు టేపు మిషన్లు పోయి ల్యాప్‌టాపులు వచ్చినా కేక మారలేదు. నేపథ్యం అనేది పత్రికల భాష.

జవాబు (మరో సభ్యుడు):

పత్రికల పేరెత్తారు కాబట్టి ఒక్క మాట. అది నేపథ్యం, థకు యవత్తు, ధకు కాదు. ‘నేపధ్యం’ అని హెడ్డింగుల్లో చూసీ చూసీ కళ్లు కాయలు కాచాయి. దానికితోడు “వర్షాల నేపథ్యంలో”, “ఎన్నికల నేపథ్యంలో”, “ధరల నేపథ్యంలో”. వర్షాల వల్ల అంటే చాలు కదండీ. ఇంత అరిగిపోయిన మాటను థియరీ నోట్సులో పెట్టకమ్మా.

జవాబు (అనంతపురం వైపు సభ్యురాలు):

అరిగిపోయిన మాటైనా వదలకండి. మా నిమ్మలకుంట వైపు తోలుబొమ్మలాట చూస్తే ఈ గొడవంతా ఒక్క తెర మీదే ఉంటుంది. బొమ్మ తెర మీద, ఆడించేవాడు తెర వెనక, మాట వాడిదే, పాట వాడిదే, కానీ మనం రాముడు మాట్లాడుతున్నాడనే అనుకుంటాం. కేతిగాడు, బంగారక్క వచ్చి బూతులు తిట్టుకున్నా ఆ గొంతు బొమ్మదే. అది నేపథ్య గానమే కానీ కథలోనిది. కూచిపూడిలో దీనికి తలకిందులు. నట్టువాంగం, గాత్రం, మృదంగం అన్నీ పక్కన కూర్చుని అందరికీ కనబడుతూనే ఉంటాయి, కథలో మాత్రం వాళ్లు లేరు. భామ విరహపడుతుంటే పక్కనే కళ్లద్దాలు పెట్టుకున్న ఆయన తాళం వేస్తుంటాడు, భామ ఆయన్ను పట్టించుకోదు, మనమూ పట్టించుకోం. కాబట్టి కనబడటం, కనబడకపోవడం ఒక లెక్క. కథలో ఉండటం, లేకపోవడం ఇంకో లెక్క. రెండిటినీ ఒక్క మాటతో కొలవబోతే ఇంతే మరి.

విద్యార్థిని:

అమ్మయ్య, మేడం, సార్ అడిగింది ఇదే! రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగాలన్నమాట: శబ్దం పుట్టేచోటు ఫ్రేములో కనబడుతోందా, ఆ శబ్దం కథలోవాళ్లకు వినబడుతుందా. నా షార్ట్ ఫిల్ములో ఒక సీనుంది. టీ కొట్లో రేడియోలో పాట వస్తుంటుంది, అమ్మాయి టీ తాగి బస్సెక్కుతుంది, బస్సు కదిలినా పాట ఆగదు. ఇంకా పెద్దదవుతుంది. ఇప్పుడు ఆ పాటను ఏమనాలి? కొట్టు దగ్గర కథలోనిది, బస్సులో?

జవాబు (సౌండ్ ఎడిటింగ్ సభ్యుడు):

ఏమనాలన్నది మాస్టారు చూసుకుంటారు, ఎలా చేయాలో నేను చెప్తా. కొట్టు దగ్గర పాటకు కింది బేసూ పైన ట్రెబులూ రెండూ కోసేయండి, సన్నగా డబ్బాలోంచి వచ్చినట్టు ఉండాలి, మోనోలో పెట్టండి, దానిమీద గ్లాసుల చప్పుడు, స్టవ్ బుస్సుమనడం వేయండి. అమ్మాయి బస్సు మెట్టు మీద కాలు పెట్టినప్పటినుంచి ఆ కోతను మెల్లగా తీసేస్తూ స్టీరియోకు విప్పండి, బస్సు ఇంజను చప్పుడు తగ్గించేయండి. కట్ దగ్గర ఒక్కసారిగా మార్చొద్దు, ఎవరో ఫిల్టర్ ఆపేశారని తెలిసిపోతుంది. ఇంకోటి, ఎడిట్ అయ్యాక ఒకసారి ఫోను స్పీకరులో కూడా వినండి. మీ ఫిల్ము సగంమంది చూసేది అందులోనే, అక్కడ ఎలాగూ బేసు ఉండదు కాబట్టి రేడియోకీ అసలు పాటకీ తేడా సరిపోయేంత ఉందో లేదో అప్పుడు తేలుతుంది.

జవాబు (సంస్కృతం మాస్టారు):

పేర్లంటే నా ఓటు కథాంతర్గతం, కథాబాహ్యం.

జవాబు (నేపథ్యం అక్షరదోషం సభ్యుడు):

మాస్టారూ, పిల్ల ప్రాజెక్టు నోట్సు రాస్తోంది, వ్యాఖ్యానం కాదు! ‘కథలోని శబ్దం’, ‘కథ బయటి శబ్దం’ అంటే ఎవరికైనా ఎక్కుతుంది. కనబడని అమ్మ పిలుపుకు ‘తెర వెలుపలి శబ్దం’. చాలదా?

విద్యార్థిని:

చాలు సార్, అవే రాస్తాను. అమ్మ పిలుపు: కథలోనిది, తెర వెలుపలిది. వయొలిన్లు: కథ బయటివి. టీ కొట్టు పాట: కథలో మొదలై కథ బయటికి జారేది. నేపథ్య సంగీతం అన్న మాట మాత్రం అలవాటైన అర్థంలోనే, ఆర్ఆర్‌కే వదిలేస్తాను. కానీ ఒక చిక్కు మిగిలింది. పాత్ర మనసులో అనుకునేది మనకు వినబడుతుంది, పక్కనున్నవాళ్లకు వినబడదు. ఫోనులో అవతలివాళ్ల మాట పాత్రకు వినబడుతుంది, మనకు వినబడదు. ఇవెక్కడ పెట్టాలి?

జవాబు (సంస్కృతం మాస్టారు):

ఇప్పుడు మా పెట్టె తెరుస్తా. మొదటిది స్వగతం. నాటకంలో పాత్ర తనలో తాను అనుకుంటుంది, ప్రేక్షకుడు వింటాడు, పక్కవాడు వినడు, అందరూ ఒప్పుకున్న కట్టుబాటు. జనాంతికం అని ఇంకొకటి, చేత్తో త్రిపతాకం అనే ముద్ర పట్టి మిగతావాళ్లను అడ్డగించి ఒక్కరితో మాట్లాడటం. పదిమందిలో ఇద్దరి గుసగుసే మనకు స్పష్టంగా వినిపించి, చుట్టూ గోల తగ్గించేస్తారే మీరు, అదే. ఇక నీ ఫోను సీను పేరు ఆకాశభాషితం. రంగం మీద లేని మనిషితో ‘కిం బ్రవీషి’, అంటే ‘ఏమంటున్నావ్?’ అని అడిగి, వాడు చెప్పినదాన్ని తానే మళ్లీ చెబుతూ సాగడం. ఒక్కడే నటుడుండే భాణంలో నాటకమంతా ఇలాగే నడుస్తుంది. మన సినిమాల్లో “ఏంటీ, పెళ్లివారు వచ్చేశారా? రేపే కావాలంటున్నారా?” అని ఫోను పట్టుకుని మనకోసం అన్నీ తిరగ చెప్పే నాన్న ఉంటాడు చూడు, ఆయన చేస్తున్నది అచ్చం ఇదే. నీ ఫిల్ములో ఫోను సీను ఉంటే నటుడికి ఆ తిరగ చెప్పడం ఇవ్వకు, వినే ముఖం చాలు.