అప్‌డేట్: నిరూపణలు రాయడం గురించి అడిగాను కదా

కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరంలో గణిత తర్కం కోర్సు మొదలవుతోంది, లెక్కలు వచ్చు గానీ నిరూపణలు రాయడం రాదు, ఏం చేయాలని నెల క్రితం అడిగాను. ప్రతి వాక్యం పక్కన ‘ఎందుకు?’ అని రాసుకోమన్న సలహా నిజంగా ఆదుకుంది. అందరికీ కృతజ్ఞతలు.

1+3+5=9 లాగా 1 నుంచి వరుసగా తీసుకున్న బేసి సంఖ్యల మొత్తం ఎప్పుడూ వర్గమే అవుతుందని ఇంటర్‌లో గణితానుగమనంతో (మొదటి మెట్టు నిజమనీ, ఒక మెట్టు నిజమైతే తర్వాతిదీ నిజమనీ చూపే పద్ధతి) బట్టీపట్టి రాశాను. ఈసారి గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టాను. మూడు వరుసల్లో మూడేసి చుక్కలు. కుడి అంచునా కింది అంచునా కలిపి ఏడు చేర్చగానే నాలుగు నాలుగుల చతురస్రం! తర్వాతి మెట్టు ఎందుకు నిలుస్తుందో కళ్లకు కట్టింది.

వచ్చే వారం ఇదే పద్ధతిలో లూప్ (ప్రోగ్రాములో మళ్లీ మళ్లీ నడిచే భాగం) సరైనదని నిరూపించాలి. ‘అయితే’కూ ‘అయితేనే’కూ తేడా దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నాను. మంచి అభ్యాసాలుంటే చెప్పండి.