బడిలోని లోటును బయటపెట్టిన ఉపాధ్యాయురాలిది తప్పా?

బడిగంట (చర్చ ప్రారంభించినవారు):
నాకు తెలిసిన ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో బాలికల మరుగుదొడ్లకు నెలల తరబడి నీళ్లు రాలేదు. అక్కడి ఉపాధ్యాయురాలు ఎండిపోయిన కుళాయిలను, తాళం వేసిన తలుపులను ఫోనులో చిత్రీకరించి సామాజిక మాధ్యమంలో పెట్టారు. వారం తిరగకముందే నీళ్లు వచ్చాయి, ఆ వెనుకే సంజాయిషీ కోరుతూ ఆమెకు మెమో వచ్చింది. ప్రభుత్వ జీతం తీసుకునేవారు ప్రభుత్వ బడి లోపాలను బహిరంగంగా ఎత్తిచూపడం ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించడమా, లేక అది వారి బాధ్యతలో భాగమా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ఆ అమ్మాయి ఉద్దేశాన్ని నేను శంకించను. అయితే ప్రధానోపాధ్యాయుడు, ఎంఈఓ (మండల విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి) అనే వరుస ఉన్నది ఇలాంటి సమస్యల కోసమే కదా. నేను సర్వీసులో ఉండగా ఈ తరహా ప్రచారం వల్ల పిల్లలను ప్రైవేటు బడికి మార్చిన తల్లిదండ్రులను చూశాను. నమోదు తగ్గితే ముందుగా పోయేది ఉపాధ్యాయ పోస్టే. తమిళనాడు ఉద్యోగుల, ఉపాధ్యాయుల సమ్మె కేసులో ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చి చెప్పింది. ఉద్యోగంలో చేరిన నాడు ఒప్పుకున్న నియమాలను ఇష్టం వచ్చినప్పుడు పక్కన పెడతామంటే కుదరదు.

నల్లబల్ల:
మాస్టారూ, ఆమె సమ్మె చేయలేదు, ఒక్క పీరియడు కూడా ఎగ్గొట్టలేదు. కాబట్టి 2003 తీర్పు ఇక్కడ అతకదు. ఇంతకంటే దగ్గరి తీర్పు 1962 నాటి కామేశ్వర్ ప్రసాద్ కేసు. ప్రభుత్వోద్యోగులు ఏ రూపంలోనూ ప్రదర్శనలో పాల్గొనరాదన్న బిహార్ నియమాన్ని సుప్రీంకోర్టు అందులో కొట్టివేసింది. సమ్మె ప్రాథమిక హక్కు కాదంటూనే, ఉద్యోగంలో చేరినంత మాత్రాన పౌరుడు భావప్రకటన హక్కును వదులుకున్నట్టు కాదన్నది ఆ తీర్పు సారం.

ఇక మీరు చెప్పిన వరుస సంగతి. ఏటా బడుల వివరాలు సేకరించే యూ-డైస్ ఫారంలో మరుగుదొడ్లు ఎన్ని, వాటిలో పనిచేసేవి ఎన్ని, నీటి వసతి ఉందా అన్న గడులు నింపేది బడివారే. తలుపుకు తాళం వేసి ఉన్నా ‘ఉంది’ అని నింపి పంపితే పైవారి దృష్టిలో ఆ బడికి ఏ లోటూ లేనట్టే. ఆ తర్వాత ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, మీ లెక్క ప్రకారం అన్నీ ఉన్నాయి కదా అని అడుగుతారు. తాను నింపిన కాగితమే తన నోరు మూయిస్తుంటే ఉపాధ్యాయుడు ఆ వరుసలో ఎంతకాలం నిలబడాలి? (మెమోలు మాత్రం అదే వరుసలో ఎంత వేగంగా దిగి వస్తాయో మనందరికీ తెలుసు.)

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం మరో దారి చూపింది. 32వ సెక్షన్ ప్రకారం, పిల్లల హక్కుకు సంబంధించి ఎవరైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు, దానిపై మూడు నెలలలోగా నిర్ణయం తీసుకోవాలి, తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ‘ఎవరైనా’ అన్న మాటలో ఉపాధ్యాయులు లేరని చట్టం ఎక్కడా చెప్పలేదు. నా దృష్టిలో ఆ గడువు దాటాక మాట్లాడడం క్రమశిక్షణారాహిత్యం కానేకాదు.

ఇద్దరు పిల్లల తండ్రి:
మాట్లాడవలసింది మేము కాదా అనిపిస్తోంది. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. కానీ మా ఊళ్లో తీర్మానాల పుస్తకం సంతకాల కోసం ఇంటికే వస్తుంది, సమావేశం జరిగిందని అందులో చదివి తెలుసుకుంటాము. కూలికి పోయే తల్లి ఆఫీసుకు వెళ్లి నిలదీయలేదు, టీచరుగారే చెప్పాలి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
32వ సెక్షన్ ప్రకారం వెళితే నాకు అభ్యంతరం లేదు. కానీ వీడియో మొదటి మెట్టు కారాదు. పైగా అందులో బాలికల ముఖాలు కనబడితే, ఎంత మంచి పనికైనా నేను సమర్థించను.

సెకండరీ గ్రేడ్:
ఉపాధ్యాయ సంఘాలు ఏం చేస్తున్నాయని ఎవరూ అడగలేదేం? డిమాండ్ల పత్రంలో పీఆర్‌సీ (వేతన సవరణ), డీఏ (కరవు భత్యం), బదిలీలు అయ్యాక ఎక్కడో చివరన మరుగుదొడ్లు వస్తాయి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులు అప్పగించరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతున్నా, దాన్ని అడ్డుపెట్టుకుని గట్టిగా నిలబడినవారు అరుదు. శాసనమండలిలో ఉపాధ్యాయ నియోజకవర్గం ఉందంటారు. రాజ్యాంగం 171వ అధికరణ ఆ ఓటును సెకండరీ స్థాయికి తగ్గని సంస్థలలో పనిచేసేవారికే ఇచ్చింది, పేరుకు సెకండరీ గ్రేడ్ టీచరునైనా ప్రాథమిక బడిలో ఉన్న నాకు ఆ ఓటే లేదు.

బడిగంట:
మాస్టారి సందేహానికి సమాధానం: వీడియోలో పిల్లలెవరూ లేరు, అది సెలవురోజున తీసినది. అంతకుముందు ఆమె ప్రధానోపాధ్యాయుడికి రెండు అర్జీలు ఇచ్చారు, కానీ అవి అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు తీసుకోలేదు.

నల్లబల్ల:
అయితే సంజాయిషీలో ఆ అర్జీల నకళ్లు, తేదీలు జతచేయమనండి, ఆవేశపు వాక్యం ఒక్కటీ లేకుండా రాయమనండి. నీళ్లు వచ్చాయి సరే, ఆ గదులు రోజూ కడిగే మనిషిని పెట్టారా? పెట్టకపోతే ఈసారి ఫిర్యాదు 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకే ఇచ్చి, రశీదు తీసుకోమనండి.