పాత డెస్క్‌టాప్‌తో లినక్స్ రౌటర్: రెండో ల్యాన్ కార్డు, పీపీపీఓఈ, ఫైర్‌వాల్ నియమాలు

ప్రశ్న:
కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంది. 2 జీబీ ర్యామ్, మదర్‌బోర్డు మీద ఒకటే ల్యాన్ పోర్టు. నెట్ 100 ఎంబీపీఎస్ ఫైబర్, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ఆపరేటర్‌కి కలిసే పద్ధతి) లాగిన్. డెబియన్ లినక్స్ వేసి దీన్నే రౌటర్, ఫైర్‌వాల్‌గా వాడాలనుంది. రెండో కార్డు ఏది తీసుకోవాలి? ఇప్పుడున్న వైఫై రౌటర్‌ను ఏం చేయాలి?

జవాబు 1:
100 ఎంబీపీఎస్‌కి ఆ ప్రాసెసర్ ధారాళంగా సరిపోతుందండి. గ్రాఫికల్ డెస్క్‌టాప్ వేయకపోతే ర్యామ్ కూడా మిగులుతుంది. కార్డు కొనేముందు కేబినెట్ విప్పి స్లాట్లు చూడండి. పొట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటే ఇంటెల్ గిగాబిట్ కార్డు మంచిది. పొడుగాటి పాత పీసీఐ స్లాట్ ఒక్కటే ఉన్నా ఫర్వాలేదు. ఆ బస్ మొత్తానికి సెకనుకు 133 మెగాబైట్లే గానీ, మీ వేగానికి అది చాలు. 24 గంటలూ నడిచే చోట యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ మాత్రం వద్దు.

బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేయండి. అది చచ్చిపోయి ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది, బయాస్ సెట్టింగులూ పోతాయి. కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అవ్వాలనే సెట్టింగు ఉండేది అక్కడే. కీబోర్డు లేకపోయినా ఆగకుండా బూట్ అయ్యేలా కూడా పెట్టండి.

ఇంకో లెక్క: 60 వాట్లు లాగే మెషీన్ నెలంతా నడిస్తే సుమారు 43 యూనిట్లు. అవసరం లేని గ్రాఫిక్స్ కార్డు, డీవీడీ డ్రైవ్ ఊడదీసేయండి.

జవాబు 2:
ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్‌గా పనిచేయకుండా లైన్‌ను నేరుగా మీ మెషీన్‌కే ఇచ్చేలా) పెట్టమని ఆపరేటర్‌ని అడగండి. లేకపోతే నాట్ (ఇంటి అడ్రస్‌లను ఒకే పబ్లిక్ అడ్రస్‌గా మార్చే పని) మీద నాట్ పడుతుంది. పాత రౌటర్ మాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ పోర్టు గుర్తింపు సంఖ్యతో) లాగిన్‌ను కట్టేసి ఉంటే, దాన్ని తీసేయమని అప్పుడే చెప్పండి.

కొత్త కార్డు పెట్టాక పాత పోర్టు పేరు కూడా మారిపోవచ్చు. అందుకే సిస్టమ్‌డీ లింక్ ఫైల్లో (కార్డుల పేర్లు నిర్ణయించే ఫైలు) మాక్ ఆధారంగా రెండింటికీ "బయట", "ఇల్లు" లాంటి స్థిరమైన పేర్లు ఇవ్వండి. ఇంటి వైపు 192.168.10.1, డీఎన్‌ఎస్‌మాస్క్‌లో (డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ రెండూ చూసే ప్రోగ్రామ్) చివరి సంఖ్య 50 నుంచి 200 వరకు డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకు అడ్రస్‌లు పంచే పని. డీఎన్‌ఎస్‌మాస్క్ మొదలవ్వకపోతే డీఎన్‌ఎస్ వాడే 53వ పోర్టును సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే మరో ప్రోగ్రామ్ పట్టుకుందేమో చూడండి. ఐపీ ఫార్వర్డింగ్‌ను (ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు ప్యాకెట్లు దాటించడం) సిస్‌సీటీఎల్ అనే కెర్నల్ సెట్టింగుల ఫైల్లోనే రాయండి, లేకపోతే రీబూట్‌తో పోతుంది.

వైఫై రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపి, దానికి 192.168.10.2 ఇచ్చి, కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టుకే పెట్టండి, వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టుకు కాదు. ఇక అది ఉత్త యాక్సెస్ పాయింటే, అంటే వైఫై మాత్రమే ఇస్తుంది.

ప్రశ్న వేసినవారు:
అంతా కుదిరింది. కానీ ఫోన్లలో పింగ్ వెళ్తోంది, కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి, కొన్ని తిరుగుతూనే ఉంటున్నాయి. రౌటర్ మెషీన్ మీద నుంచి చూస్తే అన్నీ వస్తున్నాయి.

జవాబు 3:
ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) సమస్యండి. పీపీపీఓఈ 8 బైట్లు తినేస్తుంది కాబట్టి లైన్ ఎంటీయూ 1492. మీ ఫోన్ 1500 అనుకుని ఎంఎస్‌ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా) 1460 అని చెబుతుంది. అవతలి సర్వర్ ఆ సైజులో పంపిన పెద్ద ప్యాకెట్ దారిలో పడిపోతుంది. చిన్నవి కాబట్టి పింగ్‌లు దాటిపోతాయి. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) ఫార్వర్డ్ చెయిన్‌లో, అంటే రౌటర్‌ను దాటి వెళ్లే ప్యాకెట్ల నియమాల వరుసలో, సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే) ప్యాకెట్ల ఎంఎస్‌ఎస్‌ను రూట్ ఎంటీయూకి తగ్గించే నియమం పెట్టండి. ఐపీవీ4లో అది 1452 అవుతుంది. దాన్ని అన్నిటికంటే పైన రాయాలి. ఎస్టాబ్లిష్డ్ నియమం (మొదలైన కనెక్షన్ల ప్యాకెట్లను వదిలేది) ముందుంటే తిరుగు సిన్-ఆక్ (సిన్‌కు సర్వర్ జవాబు) దీని దాకా రాకుండానే దాటిపోతుంది.

నియమాల్లో పీపీపీ0 (పీపీపీఓఈ కనెక్షన్‌కు లినక్స్ ఇచ్చే పేరు) కోసం "ఐఐఎఫ్" వాడితే "ఐఐఎఫ్‌నేమ్"గా మార్చండి. బూట్ సమయానికి పీపీపీ0 ఇంకా పుట్టదు. అప్పుడు "ఐఐఎఫ్" ఉన్న ఫైల్ మొత్తం లోడ్ అవకుండా ఆగిపోతుంది, అంటే ఫైర్‌వాలే ఉండదు. మీకు నెట్ మామూలుగానే వస్తే ఆ సంగతి బయటపడదు కూడా.

టేబుల్‌ను "ఐపీ"గా (ఐపీవీ4 మాత్రమే) కాక "ఐనెట్"గా (ఐపీవీ4, ఐపీవీ6 రెండూ) రాయండి. ఇన్‌పుట్ (రౌటర్‌కే వచ్చేవి), ఫార్వర్డ్ రెండింటికీ డిఫాల్ట్ డ్రాప్, అంటే అనుమతి లేనివన్నీ పడేయడం. ఐపీవీ6 వస్తే ఇంట్లో ప్రతి పరికరానికీ పబ్లిక్ అడ్రస్ దొరుకుతుంది, అక్కడ నాట్ చాటు ఉండదు. అలాగని ఐసీఎంపీవీ6ను (ఐపీవీ6 నియంత్రణ సందేశాలు) పూర్తిగా ఆపొద్దు, నైబర్ డిస్కవరీ (పక్క పరికరాలను కనుక్కోవడం) ఆగి ఐపీవీ6 మొత్తం పడిపోతుంది. చివరగా ఫోన్ వైఫై ఆపి, మొబైల్ డేటా మీద నుంచి మీ పబ్లిక్ అడ్రస్‌కు 22 (దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్), 53 పోర్టులు తట్టి చూడండి. రెండూ జవాబివ్వకూడదు. పీపీపీ0కి వచ్చిన అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు ఆపరేటర్ నాట్ వెనక ఉన్నట్టు, అప్పుడు ఈ పరీక్షను ఐపీవీ6 అడ్రస్‌తో చేయాలి.