"కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి": ఖరీదైన ల్యాప్‌టాప్‌కి ఈ సామెత సగమే చాలా, మొత్తం కావాలా?

వ్యాసం రాస్తున్న సభ్యురాలు:

అందరికీ నమస్కారం. ఖరీదైన ల్యాప్‌టాప్‌ల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ధరల గురించి చెప్పే చోట "ఈ రోజుల్లో మంచి ల్యాప్‌టాప్ కొనబోతే కొరివి" అని రాశాను. చదివిన స్నేహితురాలు "సామెతను సగంలో ఆపేశావు, రెండో సగం లేకుండా అది నిలబడదు" అంది. ధరలు పెరిగినప్పుడు మొదటి సగం ఒక్కటే వాడేవాళ్లని చాలామందిని చూశాను కాబట్టి నాకు అందులో ఇబ్బంది కనిపించలేదు.

అయితే నా బాధ ధర ఎక్కువ ఉందని మాత్రమే కాదు. డబ్బు కూడబెట్టుకుని కొనేవాళ్లకి ధర ఎక్కువని ముందే తెలుసు. మెమరీ ఒక మెట్టు పెంచి చూస్తే ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. సరే, ఇప్పటికి తక్కువది తీసుకుని రెండేళ్ల తర్వాత మనమే పెంచుకుందాం అంటే కుదరదు, బోర్డుకి అతికించేసి ఉంటుంది. పాడైతే బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోమంటారు. ఈ వ్యవహారం మొత్తాన్ని పట్టే తెలుగు మాట ఏదైనా ఉందా? ఈ సామెతే పూర్తిగా వాడితే సరిపోతుందా?

రిటైరైన తెలుగు మాస్టారు:

అమ్మా, మీ స్నేహితురాలి మాట నిజం. రెండో సగం లేకపోతే సామెతలో సగం బలం కాదు, దాదాపు అంతా పోతుంది.

వరస సంగతి ముందు చెప్పేస్తాను. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని కూడా అంటారు. రెండూ వాడుకలో ఉన్నాయి, దేన్నీ తప్పు పట్టనక్కర్లేదు.

కొరివి అంటే మండుతున్న కట్టె. తలకొరివి, కొరివి దయ్యం, కొరివితో తల గోక్కోవడం, వీటన్నిటిలోనూ అదే మాట. ఇక అడవి. అమ్మడానికి కట్టెలు తెచ్చినవాడితో "అడవి నిండా ఇవే కదా" అని చులకన చేస్తారు. అదే మనిషి రేపు కొనడానికి వెళితే ముట్టుకుంటే కాలేంత ధర చెబుతారు. అడవి అంటే జనం లేని చోటు, అక్కడ అడిగే నాథుడుండడు అని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏ అర్థం తీసుకున్నా మనిషి ఒక్కడే, సరుకు ఒక్కటే. మారింది అతను నిలబడిన వైపు మాత్రమే.

అంటే ఈ సామెత చెప్పేది ధర ఎక్కువని కాదు, తేడా అన్యాయమని. వట్టి ధర గురించి చెప్పడానికి మనకి "మండిపోతోంది" ఉంది, "చుక్కలనంటింది" ఉంది. వాటి పని దీనితో చేయిస్తే తేడా గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మాట దొరకదు. మీ బాధ ధరదా, తేడాదా? అది తేల్చుకుంటే సామెత కావాలో వద్దో తెలుస్తుంది.

అనువాదాలు చేసే సభ్యురాలు:

నాకైతే "పైన పటారం, లోన లొటారం" దగ్గరగా అనిపిస్తుంది మాస్టారూ. ఈ మెషీన్లు చూడడానికి ఎంత బాగుంటాయో! సన్నగా, నున్నగా, ఒక్క మర కూడా కనబడకుండా. తీరా వాడితే ఒక్కో లోపమూ బయటపడుతుంది. యాపిల్ బటర్‌ఫ్లై కీబోర్డు సంగతే చూడండి. మెషీన్ ఇంకాస్త సన్నగా రావాలని 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో పెట్టారు, 2016లో ప్రో మోడళ్లకీ తెచ్చారు. చిన్న ధూళి రేణువు దూరినా కీ పడదు, లేదా ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. 2018లో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 చివర్లో వచ్చిన 16 అంగుళాల మోడల్‌తో పాత పద్ధతికి తిరిగి రావడం మొదలైంది. అమెరికాలో దీని మీద నడిచిన కేసును ముగించడానికి 2022లో 5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నారు.

నేను రాతపని మీద బతికే మనిషిని. నాకు కీబోర్డు అంటే అలంకారం కాదు. తెలుగు టైపు చేసేటప్పుడు ఒక్క కీ రెండుసార్లు పడితే వత్తు మారిపోతుంది, మాటే మారిపోతుంది. అర మిల్లీమీటరు సన్నదనం ఎవరు అడిగారని?

ల్యాప్‌టాప్ రిపేర్లు చేసే సభ్యుడు:

మేడమ్, కీబోర్డు విషయంలో మీ కోపం న్యాయమే. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కీబోర్డును పై కేసుకి రివెట్లతో బిగించేశారు, బ్యాటరీని అదే కేసుకి జిగురుతో అంటించారు. కాబట్టి ఒక్క కీ పోయినా కీబోర్డు, బ్యాటరీ, కేసు అన్నీ కలిపి మార్చాలి. బిల్లు అక్కడ పేలుతుంది.

కానీ "లోన లొటారం" అనడానికి మాత్రం నేను ఒప్పుకోను. రోజూ వాటిని విప్పేవాణ్ని. లోపల డొల్ల కాదు. 2020లో యాపిల్ సొంతంగా తెచ్చిన ఎం1 చిప్ అయితే వేగంలోనూ, బ్యాటరీ నిలవడంలోనూ అప్పటివరకూ ఉన్న లెక్కల్నే మార్చేసింది. బోర్డు మీద పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. లోపల సరుకు గట్టిది. దాన్ని మన చేతికి అందకుండా మూసేయడమే బాధ. లొటారం అంటే ఖాళీ అని కదా, ఇది ఖాళీ కాదండీ, తాళం.

ఈ మూత ఎప్పుడు మొదలైందో కూడా చెబుతాను. అంతకుముందు మ్యాక్‌బుక్ ప్రోలో అడుగు రేకు విప్పి మెమరీ, డిస్కు మనమే మార్చుకునేవాళ్లం. 2012లో రెటినా మోడల్ వచ్చింది. మెమరీ బోర్డుకి సోల్డర్ చేశారు, అంటే కరిగించిన లోహంతో అతికించేశారు, బ్యాటరీని జిగురుతో అంటించారు. రిపేరు సౌలభ్యానికి మార్కులిచ్చే ఐఫిక్సిట్ వాళ్లు దానికి 10కి 1 ఇచ్చారు. ఇది ఒక్క కంపెనీ జబ్బు కూడా కాదు. 2017 నాటి మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ల్యాప్‌టాప్‌కి అదే సంస్థ 10కి 0 ఇచ్చింది. దాన్ని పాడుచేయకుండా విప్పడమే కుదరదు. సన్నటి మోడళ్లు చేసే కంపెనీలు ఇప్పుడు దాదాపు అన్నీ మెమరీ సోల్డర్ చేస్తున్నాయి.

మీరు అడిగిన సామెత సరిగ్గా ఇక్కడే పడుతుంది. మెమరీ విడిగా పెట్టుకునే వీలుంటే కంపెనీ ఎక్కువ ధర చెప్పినా మనం బయట కొనుక్కుంటాం. ఆ దారి మూసేశాక వాళ్లు చెప్పిందే ధర. బయటి మెమరీ ధరకి ఎన్నో రెట్లు వసూలు చేసినా అడిగేవాళ్లు లేరు. అది కొరివి. మూడేళ్ల తర్వాత అదే మెషీన్ మార్పిడికి తీసుకెళ్తే, ఆరోజు అదనంగా పోసిన డబ్బుకి విలువే లేదంటారు. అది అడవి. రెండు సగాలూ ఒకే సోల్డర్ చుక్క నుంచి వచ్చాయి.

కొత్తగా చేరిన సభ్యుడు:

క్షమించాలి, రెండో సగం నిజమేనా? ఖరీదైన ల్యాప్‌టాప్‌లే కదా పాతబడ్డాక మంచి ధర పలికేవి. చవక మెషీన్‌ని రెండేళ్ల తర్వాత ఎవరూ ముట్టుకోరు. మ్యాక్‌బుక్ అయితే నాలుగేళ్లకీ కొనేవాళ్లుంటారు. అమ్మబోతే అడవి అన్నది వాటికి వర్తించదు అనుకుంటా.

ఇంకో మాట. మెమరీ సోల్డర్ చేయడానికి సాంకేతిక కారణం ఉంది కదా, అంతా దురాశేనా?

ల్యాప్‌టాప్ రిపేర్లు చేసే సభ్యుడు:

మంచి ప్రశ్నలు తమ్ముడూ. మొదటిదాంట్లో సగం నిజం ఉంది. బేసిక్ మోడల్ విలువ బాగానే నిలుస్తుంది. నిలవనిది పైన పెంచుకున్న మెమరీకి, స్టోరేజీకి పెట్టిన డబ్బు. కొన్నప్పుడు అది ధరలో పెద్ద ముక్క, అమ్మేటప్పుడు చిన్న ముక్క. పైగా ఇదంతా మెషీన్ పనిచేస్తున్నప్పటి మాట. బోర్డు మీద ఒక్క స్టోరేజీ చిప్ పోయిందంటే మొత్తం బోర్డు పోయినట్టే, అప్పుడు దాని ధర తుక్కు ధర. స్టోరేజీ విడిగా ఉన్న మెషీన్‌కి ఆ గతి పట్టదు, కొత్తది వేసి అమ్ముకోవచ్చు.

రెండోది, అవును, కారణం ఉంది. సన్నటి మెషీన్లలో వాడే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ తక్కువ కరెంటు తింటుంది. అది ప్రాసెసర్‌కి బాగా దగ్గరగా ఉండాలి, మధ్యలో సాకెట్ పెడితే సిగ్నల్ దెబ్బతింటుంది. రిపేరు చేసుకోగలిగే ల్యాప్‌టాప్‌ల కోసమే పుట్టి 2021లో మొదటి మోడల్ తెచ్చిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ కూడా 2025లో తన డెస్క్‌టాప్‌లో మెమరీ సోల్డర్ చేయక తప్పలేదు. అది దురాశ అని నేను అనను. అదే మెమరీని మరలతో బిగించుకునేలా ఎల్‌పీక్యామ్2 అనే పద్ధతి వచ్చింది, 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టింది. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు.

స్టోరేజీకి మాత్రం ఈ సాకు చెల్లదు. విడిగా పెట్టే ఎం.2 డిస్కులు చాలా వేగంగా, చాలా సన్నగా ఉంటాయి. దాన్ని కూడా బోర్డుకి అతికించడం నాకు మింగుడుపడదు.

రిటైరైన తెలుగు మాస్టారు:

మీరు "సోల్డర్" అంటున్నారు, బాగానే ఉంది, అందరికీ తెలిసేది అదే. మనకి "మాటు" ఉంది కదా. చిల్లుపడిన గిన్నెకి మాటు వేయించడం అనేవాళ్లం. మీ పనిలో ఎవరైనా ఆ మాట వాడతారా?

ల్యాప్‌టాప్ రిపేర్లు చేసే సభ్యుడు:

వాడరు మాస్టారూ. ఇప్పటి పిల్లలకి "మాటు వేయడం" అంటే పొంచి ఉండడమే. "మాటు వేసిన మెమరీ" అని రాస్తే అర్థం తిరగబడుతుంది. టంకం అంటే కొందరికి తెలుస్తుంది. వ్యాసంలో అయితే "బోర్డుకి అతికించేసిన మెమరీ" అనండి, చదివినవాళ్లందరికీ వెంటనే తెలుస్తుంది.

అనువాదాలు చేసే సభ్యురాలు:

పటారం వెనక్కి తీసుకోవాలంటే నాకు ఇంకా మనసొప్పడం లేదు, ఎందుకంటే డిజైన్ గురించిన కోపం కొరివి-అడవిలో ఇమడదు. 2014లో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో పై వరస ఫంక్షన్ కీలు తీసేసి తాకే పట్టీ పెట్టారు, జనం మొత్తుకుంటే మరుసటి ఏడాది కీలు తిరిగొచ్చాయి. అది చూశాక కూడా 2016లో యాపిల్ టచ్ బార్ పెట్టింది, 2022లో డెల్ ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌లో మళ్ళీ తాకే పట్టీ వచ్చింది. పోర్టులదీ అదే కథ. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో యూఎస్‌బీ-సీ, హెడ్‌ఫోన్ రంధ్రం తప్ప అన్నీ తీసేశారు. 2021లో హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు, అయస్కాంతపు చార్జర్ మళ్ళీ వచ్చాయి. ఆ ఐదేళ్లూ అడాప్టర్లు కొన్నది ఎవరు? మనమే. వాడేవాళ్లని అడగకుండా తీసేసి, తిరిగి ఇచ్చినప్పుడు కొత్త సౌకర్యంలా ప్రకటించడం. దీనికి ఏ సామెత?

రిటైరైన తెలుగు మాస్టారు:

అమ్మా, ప్రతి కోపానికీ సామెత వెతకక్కర్లేదు. మీరిప్పుడు రాసిన "వాడేవాళ్లని అడగకుండా తీసేసి, తిరిగి ఇచ్చినప్పుడు కొత్త సౌకర్యంలా ప్రకటించడం" అన్న వాక్యం ఏ సామెతకంటే స్పష్టంగా ఉంది. దాన్నే ఉంచండి. "చక్కనమ్మ చిక్కినా అందమే" అని కూడా ఎవరో ఒకరు అంటారు సన్నదనం గురించి. అది మెచ్చుకోలు, ఫిర్యాదుకి పనికిరాదు.

వ్యాసం రాస్తున్న సభ్యురాలు:

మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు దొరికింది. నా బాధ తేడాదే. ఒక ఉదాహరణ కూడా దొరికింది. 2023 చివర్లో వచ్చిన ఎం3 మ్యాక్‌బుక్ ప్రో 14 అంగుళాల మోడల్ 8 జీబీ మెమరీతో మొదలైంది. 16 కావాలంటే అదనపు డబ్బు పెట్టాలి. ఏడాది తిరిగేసరికి, 2024 అక్టోబరులో, కొత్త మోడళ్లన్నీ 16 నుంచే మొదలయ్యాయి. అప్పటికే అమ్ముతున్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లో కూడా అదే ప్రారంభ ధరకి 8 పోయి 16 వచ్చింది. అంటే ముందు ఏడాది ఆ అదనపు 8 జీబీ కోసం జనం దగ్గర విడిగా తీసుకున్న డబ్బు, వస్తువు ఖరీదు వల్ల తప్పనిసరై తీసుకున్నది కాదు. నాకు దుఃఖం కలిగించేది ఇదే. అప్పు చేసి కొనే విద్యార్థులుంటారు, సొంతంగా పనిచేసుకుని బతికేవాళ్లుంటారు, వాళ్ల దగ్గర తీసుకున్నారు కదా.

ఇలా మార్చి రాశాను, చూడండి: "మెమరీ పెంచమంటే కొనబోతే కొరివి, మూడేళ్ల తర్వాత ఆ పెంచినదానికి విలువ కట్టమంటే అమ్మబోతే అడవి. మధ్యలో మనమే మార్చుకునే దారిని బోర్డుకి అతికించేశారు."

రిటైరైన తెలుగు మాస్టారు:

బాగుంది. "పెంచమంటే కొనబోతే" అని రెండు షరతులు పక్కపక్కన పడ్డాయి, నాలిక తడబడుతుంది. సామెతలోనే "కొనబోతే" ఉంది కాబట్టి ముందున్నది తీసేయండి: "అదనపు మెమరీ కొనబోతే కొరివి, మూడేళ్లకు అమ్మబోతే అడవి." మూడో వాక్యం చాలా బాగుంది, ముట్టుకోకండి.

కొత్తగా చేరిన సభ్యుడు:

నేను వచ్చే నెల ల్యాప్‌టాప్ కొనాలి. అతికించారో లేదో కొనేముందే ఎలా తెలుసుకోవాలండీ?

ల్యాప్‌టాప్ రిపేర్లు చేసే సభ్యుడు:

వివరాల పట్టికలో మెమరీ దగ్గర ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే అతికించినట్టే అనుకో, పక్కన ఎల్‌పీక్యామ్2 అని ఉంటే తప్ప. సో-డిమ్ అని ఉంటే అది విడిగా గుచ్చే మెమరీ కార్డు, మార్చుకోవచ్చు. కొన్నిటిలో కొంత అతికించి ఒక స్లాట్ ఖాళీగా వదులుతారు, అది కూడా పరవాలేదు. స్టోరేజీ దగ్గర ఎం.2 అని ఉందో లేదో చూడు. పట్టికలో ఏదీ స్పష్టంగా లేకపోతే ఆ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్‌తో సర్వీస్ మాన్యువల్ వెతుకు. మాన్యువల్ అందరికీ అందుబాటులో పెట్టారంటేనే ఆ మెషీన్ గురించి నీకు సగం సంగతి తెలిసినట్టు. అతికించిన మోడలే నచ్చితే మాత్రం మెమరీ మొదటిరోజే సరిపడా తీసుకో, తర్వాత ఎవరమూ ఏమీ చేయలేం.