గోపికలది వైరాగ్యమా, వ్యామోహమా?

సందేహి:
నారద భక్తి సూత్రాల దగ్గర చిక్కుకుపోయాను. విషయాలనూ (ఇంద్రియ సుఖాలనూ) సంగాన్నీ (వాటి మీది మమకారాన్నీ) వదిలితేనే భక్తి అని 35వ సూత్రం. తీరా 82వ సూత్రానికి వస్తే అదే భక్తి 11 రకాల ‘ఆసక్తి’! రూపం మీద మమకారమైన రూపాసక్తి, ప్రియురాలిలా ప్రేమించే కాంతాసక్తి, ఆఖరికి ఎడబాటులో తపించే పరమ విరహాసక్తి. ఇంతకీ వదలమంటున్నారా, పట్టుకోమంటున్నారా? నా మటుకు గోపికలది వ్యామోహమే. కృష్ణుడు మధుర వెళ్తే అంతలా ఏడ్చినవాళ్ళకు వైరాగ్యం ఎక్కడిది?

వేణువు:
24వ సూత్రం కూడా చూడండి. జారప్రేమలో, అంటే చాటుమాటు కామంలో, ‘తత్సుఖ సుఖిత్వం’ ఉండదంటుంది, తత్సుఖ సుఖిత్వమంటే అవతలివారి సుఖంలోనే తన సుఖం చూసుకోవడం. గోపికలకు అది ఉంది. ఇల్లు, పరువు అన్నీ వదిలారు.

సందేహి:
అన్నీ వదిలి ఒక్కదాన్నే పట్టుకుంటే పట్టు ఇంకా బిగిసినట్టే కదండీ.

పిచ్చుకగూడు:
ఇద్దరూ ఆట సంగతి మర్చిపోయారు. రాసక్రీడ పేరులోనే ఆట ఉంది. భాగవతం దశమ స్కంధంలో గోపికలకు కాస్త గర్వం రాగానే కృష్ణుడు మాయమవుతాడు. అది శిక్ష కాదు, గర్వం అణచి అనుగ్రహించడానికేనని అక్కడే ఉంది. నాకు నచ్చేది ఆ తర్వాతి ఘట్టం. చెట్లనీ తీగలనీ అడిగి అడిగి, చివరికి వాళ్ళే ఆయన ఆటలు ఆడతారు. ఒకామె పూతన, ఇంకొకామె పాలు తాగే కృష్ణుడు. మరొకామె పైవస్త్రం ఎత్తి పట్టుకుని గోవర్ధనం అంటుంది. మనిషి దక్కలేదని కూలబడటం వ్యామోహం. వీళ్ళు లేనివాణ్ణి ఆడి తెచ్చుకున్నారు. పైగా తిరిగొచ్చాక ‘మీ రుణం తీర్చలేను’ అన్నది ఆయనే. కట్టుబడిపోయింది ఎవరో మీరే చెప్పండి.

సందేహి:
బాగుంది గానీ, తన తమిళ పాటల సంపుటి నాచ్చియార్ తిరుమొళిలో ఆండాళ్ కృష్ణుణ్ణి ‘మా ఇసుక గూళ్ళు చెరపకు’ అని పది పాటల్లో బతిమాలుతుంది. ఆటే అయితే అంత టెన్షన్ ఎందుకు?

పిచ్చుకగూడు:
మనసు పెట్టకుండా ఆడితే అది ఆటెలా అవుతుంది? పిల్లలు గూడు చెరిపితే ఏడుస్తారు, మళ్ళీ కడతారు. ఏడవకపోవడమే వైరాగ్యమని ఎవరన్నారు?

వేణువు:
కృష్ణుడి సఖుడు ఉద్ధవుడూ మీలాగే జ్ఞానం చెప్పడానికి గోపికలుండే వ్రేపల్లె వెళ్ళాడు సందేహి గారూ. చివరికి ఆ గోపికల పాదధూళి సోకేలా బృందావనంలో ఓ పొదో తీగో అయి పుట్టాలని కోరుకున్నాడు.

సందేహి:
చూశారా, ఆయనకూ కోరిక పట్టుకుంది!