ఒక్కడినే ఆడుకునే ఆటకి కూడా అకౌంట్ దేనికి?

కపిలతీర్థం_కుర్రోడు:
నిన్న కంప్యూటర్‌కి ఒక ఆట కొన్నా. కథ ఆట, ఒక్కడినే ఆడుకునేది, నెట్‌తో పనే లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల కొట్లో కొన్నా కాబట్టి అక్కడ అకౌంట్ ఎలాగూ ఉంది. తెరవగానే ఆట విడుదల చేసిన కంపెనీవాళ్లు తమ అకౌంట్ ఇంకోటి తెరవమన్నారు. మెయిల్, పుట్టిన తేదీ, ఫోన్‌కి ఓటీపీ. డబ్బు కట్టాక ఇదేం తిప్పలు?

గ్రీమ్స్‌పేట_గేమర్:
రెండు నిమిషాల పని బ్రో. కొండ మీద 300 రూపాయల దర్శనం టికెట్‌కి ఓటీపీ కొట్టి లాగిన్ అవ్వట్లేదా? అప్పుడు రాని బాధ ఇప్పుడెందుకు?

కపిలతీర్థం_కుర్రోడు:
దర్శనానికి వెళ్లేది నేనేనా కాదా అని వాళ్లు చూడాలి, జనం లెక్క ఉంది. ఇది నా ఇంట్లో నా కంప్యూటర్. 2024లో హెల్‌డైవర్స్ 2 అనే ఆట గొడవ గుర్తుందా? ఆట ఫిబ్రవరిలో వచ్చింది. మే మొదట్లో, దాన్ని విడుదల చేసిన సోనీ తన పీఎస్‌ఎన్ (ప్లేస్టేషన్ నెట్‌వర్క్) అకౌంట్ తప్పనిసరి అంది. పీఎస్‌ఎన్ లేని దేశాలవాళ్లు కూడా అప్పటికే కొనేశారు. స్టీమ్‌లో లక్షల్లో తిట్లు పడ్డాక, మూడు రోజుల్లో వెనక్కి తగ్గారు.

గ్రీమ్స్‌పేట_గేమర్:
అది ఆన్‌లైన్ ఆట. నువ్వడిగింది ఒక్కడే ఆడే ఆట గురించి. పైగా మన దేశంలో పీఎస్‌ఎన్ ఉంది. నీకొచ్చిన నష్టమేంటి?

పాకాల_ప్యాసింజర్:
తిరుపతిలో సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ ఎవరైనా అమ్ముతున్నారా?

కపిలతీర్థం_కుర్రోడు:
సరే, సోనీదే గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ ఆట తీసుకో. పూర్తిగా ఒక్కడే ఆడేది. 2024 సెప్టెంబర్‌లో పీసీకి వచ్చినప్పుడు పీఎస్‌ఎన్ లేనిదే తెరుచుకోలేదు. 2025లో ఇష్టమైతేనే అన్నారు. ఇప్పుడు అక్కర్లేనిది అప్పుడెందుకు కావాల్సొచ్చింది?

కొర్లగుంట_అక్క:
మావాడికి పదకొండేళ్లు. అసలు తేదీ పెడితే అమ్మానాన్నల అకౌంట్ అడుగుతోందని 1990 కొట్టాడు. ఇప్పుడు వాడు మా తమ్ముడికంటే పెద్దవాడు. పద్దెనిమిది లోపు పిల్లల వివరాలకు పెద్దవాళ్ల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టంలో ఉంది కదా? తేదీ ఎలా మార్చాలి? ఆ వివరాలు బయటికి పోతే?

గ్రీమ్స్‌పేట_గేమర్:
ఎక్కడికీ పోవక్కా. రెండు నిమిషాల పనికి ఇన్ని అనుమానాలా?

కపిలతీర్థం_కుర్రోడు:
2011లో పీఎస్‌ఎన్ నుంచే 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయాయి. మళ్లీ రెండు నిమిషాలు అనకు సామీ! వేరే ఒక కంపెనీ అకౌంట్ మా నాన్న నంబరు మీద తెరిచా. నాన్న పోయాక రీఛార్జ్ చెయ్యలేదు, ఆ నంబరు ఇంకెవరికో వెళ్లింది. ఓటీపీ ఆ కొత్తాయనకి పోతోంది. ఫోన్ చేసి అడిగితే మోసగాణ్ననుకుని పెట్టేశాడు. ఆరేళ్లు కొన్న ఆటలు పోయాయి. కంపెనీకి పదకొండు మెయిళ్లు పెట్టా, ఒకే జవాబు: ‘నంబరు ధ్రువీకరించండి’.

గ్రీమ్స్‌పేట_గేమర్:
నాన్నగారి సంగతికి బాధగా ఉంది. కానీ నంబరు మార్చుకోకపోవడం నీ తప్పు. అసలు సంగతి చెప్పు. పోయిన నెల ఇక్కడే రాశావు, నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుని ఒక్క కాపీ కొన్నారని. అకౌంట్ ఉంటే అది కుదరదు. అదీ నీ మంట.

కపిలతీర్థం_కుర్రోడు:
అవును, పంచుకుంటాం! మా వీధిలో గ్రైండర్ కూడా పంచుకుంటారు, దొంగలంటావా? నా డబ్బుతో కొన్నది నాది.

గ్రీమ్స్‌పేట_గేమర్:
నీది కాదు. నువ్వు కొన్నది ఆడుకునే అనుమతి. ఒప్పందంలో రాసి ఉంటుంది, చదివావా?

కపిలతీర్థం_కుర్రోడు:
మరి బటన్ మీద ‘కొనండి’ అని ఎందుకు రాస్తారు? ‘అద్దెకు’ అని రాయమను. ది క్రూ అనే కార్ల పందెం ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న దాన్ని తెచ్చిన కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. డిస్క్ చేతిలో ఉన్నవాడు కూడా ఒంటరిగా ఆడలేడు. కాలిఫోర్నియాలో 2025 నుంచి, ఇది అనుమతి మాత్రమే అని కొనేముందే చెప్పాలని చట్టం వచ్చింది.

గ్రీమ్స్‌పేట_గేమర్:
చెప్పనీ, మంచిదే. నేను బెంగళూరులో చిన్న స్టూడియోలో ఆటలు టెస్ట్ చేస్తా. మా ఆట వచ్చిన రోజే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో దొంగ కాపీ లింకు తిరిగింది. పెట్టింది మా పెదనాన్న కొడుకు. కింద పదిమంది దండాలు పెట్టారు. ఆ ఏడాది మా టీమ్‌లో సగం మందిని తీసేశారు.

కపిలతీర్థం_కుర్రోడు:
అది దొంగతనం. మాది పంచుకోవడం. రెండూ ఒకటెలా అవుతాయి?

గ్రీమ్స్‌పేట_గేమర్:
జీతం రానివాడికి ఒకటే.

కొర్లగుంట_అక్క:
మావాడి పుట్టిన తేదీ సంగతి ఎవరూ చెప్పలేదు.