1.9 కిలోలతో పుట్టాను, ఇప్పుడు 86 కిలోలు. మా పాపను ఎలా పెంచాలి?

అలిపిరి మెట్లు

నమస్తే. మాది తిరుపతి. నాకు 34 ఏళ్ళు. నెలలు నిండకుండా 1.9 కిలోలతో పుట్టానట. "ఈ పిల్ల నిలవదు" అన్నారట చుట్టాలు. ఆ మాట మా అమ్మ మనసులో పడిపోయింది. ఇక పట్టుబట్టి పెంచింది. గ్లాసు పాలకు రెండు చెంచాల చక్కెర, మూడో ఏడు వచ్చాక పూటకు రెండు ముద్దలు ఎక్కువ నెయ్యన్నం. కంచంలో మెతుకు మిగిలితే ఒప్పుకునేది కాదు. ఐదేళ్ళకు బొద్దుగా తయారయ్యాను. వీధిలో అందరూ ముద్దు చేసేవాళ్ళు, అమ్మ సాయంత్రం దిష్టి తీసేది. ఆ ఒళ్ళు మళ్ళీ తగ్గలేదు. పోయిన నెల కాలినడకన కొండకు బయల్దేరి గాలిగోపురం దగ్గరే కూలబడ్డాను.

నా బిడ్డ 2.3 కిలోలతో పుట్టింది. ఇప్పుడు 14 నెలలు. అమ్మ మళ్ళీ అదే పద్ధతి మొదలుపెట్టింది. వద్దంటే "నిన్ను బతికించుకున్నది ఇట్లే కదమ్మా" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. సన్నగా పుట్టి, తర్వాత ఒళ్ళు చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పుత్తూరు సిస్టర్

చెల్లీ, 20 ఏళ్ళుగా కాన్పుల వార్డులో పని చేస్తున్నాను. ముందు ఒక మాట. మీ అమ్మగారు తప్పు చేయలేదు. 2.5 కిలోల కంటే తక్కువతో పుట్టిన బిడ్డ మొదటి రెండేళ్ళలో బాగా పెరగాలి. మెదడుకీ ఎత్తుకీ అది అవసరం. కాబట్టి ఇప్పుడు పాపకు తిండి తగ్గించొద్దు. చనుపాలు ఇస్తుంటే రెండేళ్ళ దాకా ఇవ్వండి. పప్పు, గుడ్డు, రాగి జావ, కొంచెం నెయ్యి అన్నీ పెట్టండి. చక్కెర మాత్రం వద్దు.

అసలు జాగ్రత్త రెండేళ్ళ తర్వాత. బిడ్డ మొదటి ఏడు బొద్దుగా ఉంటుంది. తర్వాత ఎత్తు పెరుగుతూ సన్నబడుతుంది. అయిదారేళ్ళప్పుడు పక్కటెముకలు కూడా కనిపిస్తాయి. ఆ తర్వాతే మళ్ళీ మెల్లగా కండ, కొవ్వు పడతాయి. ఇది సహజం. కానీ మన ఇళ్ళలో టెన్షన్ పడేది సరిగ్గా ఆ వయసులోనే. "పిల్ల చిక్కిపోయింది" అని కుక్కి కుక్కి పెడతాం. మూడు నాలుగేళ్ళకే మళ్ళీ లావెక్కే పిల్లలు పెద్దయ్యాక ఊబకాయం వైపు వెళ్ళడం జాస్తి. నీ కథలో మూడో ఏడు అని చదవగానే నాకు అదే తట్టింది.

ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టిన పిల్లల్ని ముప్పై ఏళ్ళ వయసు దాకా గమనించారు. పెద్దయ్యాక షుగర్ సమస్య వచ్చినవాళ్ళు రెండేళ్ళ దాకా సన్నగానే ఉన్నారు. మళ్ళీ బరువెక్కడం మాత్రం మిగతావాళ్ళ కంటే ముందే మొదలైంది. పన్నెండేళ్ళకు వాళ్ళలో ఒక్కరికీ ఊబకాయం లేదు. అంటే కంటితో చూసి కనిపెట్టేది కాదు.

సంగటి ముద్ద

మా అమ్మ సంగతి చెప్తాను. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టారు కదా, మా అవ్వ అప్పుడు కడుపుతో ఉంది. మా ఊళ్ళో పొయ్యి వెలగని రోజులు చానా ఉండేవని చెప్పేది. మరుసటి ఏడు అమ్మ పుట్టింది, పిల్లి పిల్లంత. పెళ్ళయ్యే దాకా సన్నమే. తిరుపతికి వచ్చి, బియ్యం అన్నం మూడు పూటలా దొరికాక నడుము చుట్టూ ఒళ్ళు వచ్చింది. 45కే షుగర్.

హాలెండ్‌లో 1944–45 చలికాలం యుద్ధంలో తిండి లేక జనం అల్లాడారు. అప్పుడు కడుపులో ఉన్న మగపిల్లల్ని 19 ఏళ్ళకు సైన్యం పరీక్షల్లో తూచారు. గర్భం మొదటి సగంలో తల్లి పస్తులున్నవాళ్ళలో ఊబకాయం ఎక్కువగా తేలింది. చివరి నెలల్లో ఆకలి పడ్డవాళ్ళలో తక్కువే. అది చదివినప్పుడు మా అవ్వే గుర్తొచ్చింది. ఒక్క మనిషిని చూసి ఇదే కారణం అనలేం. అయినా, "తిండి ఆపుకోలేకనే ఇట్లయినావు" అని అమ్మను అనడం ఆ రోజుతో మానేశాను.

చంద్రగిరి కోడలు

నాది దీనికి తిరుగు. బిడ్డ 4.1 కిలోలు. ఆసుపత్రిలో అందరూ మెచ్చుకున్నారు. ఎవరూ చెప్పనిదేమిటంటే, ఆ బరువు నా షుగర్ వల్ల వచ్చింది. ఆరో నెలలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తే 140 దాటింది. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. తల్లి రక్తంలో చక్కెర బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. బిడ్డే తన ఇన్సులిన్ ఎక్కువ చేసుకుని, ఆ చక్కెరను కొవ్వుగా దాచుకుంటుంది. ఇప్పుడు వాడికి ఏడేళ్ళు, నడుము కొలత పెద్దదే. రెండో కాన్పుకు మొదటి నెల నుంచే జాగ్రత్తపడ్డాను.

బంగారుపాళెం అన్న

అందరూ తల్లి కడుపు దగ్గరికే వస్తారేమి? ఆడవాళ్ళు ఇప్పటికే పడుతున్న మాటలు చాలవా? మా అన్నదమ్ములం ముగ్గురం అదే సంగటి, అదే ఊరిబిండి తిని పెరిగాం. లారీ ఎక్కి పదేళ్ళు కూర్చున్నాక నాకు పొట్ట వచ్చింది. పొలంలో ఉన్న తమ్ముడికి రాలేదు.

పుత్తూరు సిస్టర్

అన్నా, మీరన్నది నిజమే. కూర్చునే పని, నిద్ర లేకపోవడం, ఇవన్నీ కలిస్తేనే ఒళ్ళు వస్తుంది. తల్లిని తప్పు పట్టడానికి చెప్పట్లేదు నేను. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారి పరిశోధన బృందం చూపించింది, అక్కడి పల్లె పిల్లలు సగటున 2.7 కిలోలతోనే పుడతారు, ఇంగ్లండ్ పిల్లలు 3.5. మన బిడ్డల్లో తగ్గేది కండ, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గదు. ఆ తల్లులు సన్నగా, పొట్టిగా ఉన్నారు, పొద్దంతా పొలం పని చేశారు. వాళ్ళకు తిండి, విశ్రాంతి ఇవ్వాల్సింది ఇంట్లో మిగతావాళ్ళు. మొదట అడగాల్సింది అత్తింటిని, మగవాళ్ళని.

బంగారుపాళెం అన్న

అట్లయితే ఒప్పుకుంటా సిస్టర్. మా మరదలు ఇప్పుడు నాలుగో నెల. ఈ నెల నుంచి ఆమెను చెనక్కాయల కోతకు పంపించకుండా చూస్తాను.

అలిపిరి మెట్లు

అందరికీ దండాలు. మీరు రాసినవన్నీ అమ్మకు చదివి వినిపించాను. "తప్పు చేయలేదు" అన్న దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. తర్వాత అంగన్‌వాడీ కార్డు తెచ్చి, పాప బరువు గీత ఎక్కడుందో చూపించమంది. గీత బాగానే ఉంది. నిన్న పాలలో చక్కెర వేయలేదు. పాప మొదట మూతి తిప్పుకుంది, కాసేపటికి తాగేసింది.

సిస్టర్, అమ్మ ఒకటి అడగమంది. మూడేళ్ళొచ్చాక పాప "చాలు" అంటే నిజంగానే ఆపేయాలా? ఇంకో ముద్ద కూడా పెట్టకూడదా?

పుత్తూరు సిస్టర్

ఆపేయమనండి. పాప ఆడుకుని వచ్చి తనే అడుగుతుంది, అప్పుడు పెట్టమనండి.